ఫ్యాను తిరిగే గదిలో హై-రెజ్: క్లాసికల్, జాజ్ రికార్డింగులు ఎక్కడ వెతకాలి, దేనికి డబ్బు పెట్టాలి

మా మేనల్లుడు శ్రీకాకుళంలో ఉంటాడు. పోయిన నెల ఫోన్ చేసి ఒకే ఆల్బం మూడు రకాలుగా దొరుకుతోందన్నాడు. ఒకచోట నెల చందాలో కలిసి వస్తుంది. ఇంకోచోట 16 బిట్ ఫైలు (సీడీ నాణ్యత) ఒక ధర, 24 బిట్ ఫైలు (సీడీని మించిందని చెప్పే హై-రెజ్) దాని మీద ఒకటిన్నర రెట్లు. "మావయ్యా, ఇందులో ఏటి తేడా? ఏది కొనమంటావు?" అని అడిగాడు. అరగంట మాట్లాడేసరికి ఇద్దరికీ అయోమయం పెరిగింది తప్ప తేలింది లేదు. ఆ రాత్రి కూర్చుని వేసుకున్న లెక్కలే ఇవి.

నేనుండేది విజయనగరంలో. 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పిందీ అక్కడే. ఇక్కడ పెరిగినవాడికి వయొలిన్ కొత్త కాదు గానీ అదే వయొలిన్ మీద పాశ్చాత్య క్లాసికల్ స్వరకర్త బాఖ్ రచనలు వినాలంటే మాత్రం నెట్టే గతి. ఈ సంగీతం అమ్మే రికార్డుల కొట్టు ఊళ్ళో లేదు. ఆర్కెస్ట్రా కచేరీ సంగతి సరేసరి. అందుకని మనకు ముందుగా కావలసింది మంచి రికార్డింగు ఉందని తెలియడం. అది ఎన్ని బిట్లలో ఉందన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు. అమ్మేవాళ్ళు ఈ వరుసను తిరగేసి చెబుతారు.

## ముందు ఏం చూడాలి

రికార్డింగు పుట్టిన ఏడాది. ఇది ఎవరూ చెప్పరు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. బాఖ్ ఒంటి వయొలిన్ కోసం రాసిన షాకోన్ అనే పదమూడు, పద్నాలుగు నిమిషాల రచన ఉంది. దాన్నే తీసుకుందాం.

వయొలిన్ విద్వాంసుడు మెనూహిన్ 1930ల్లో వాయించిన రికార్డింగు 78 ఆర్‌పీఎం పలకల మీద వచ్చింది. ఆ పలకల్లో పై స్థాయి ధ్వనులు పెద్దగా లేవు. దాన్ని 24 బిట్ 192 కిలోహెర్ట్జ్‌లో (ధ్వనిని సెకనుకు ఎన్ని వేలసార్లు కొలిచారో చెప్పే అంకె ఇది) కొంటే అదనంగా వచ్చేది గరగరే. పాత పలకలకు హై-రెజ్ కంటే ఆ పలకను ఎవరు, ఎంత శ్రద్ధగా ఎక్కించారన్నది ముఖ్యం. (ఈ మెనూహినే 1952లో మద్రాసులో ద్వారం వారి వాయిద్యం విని ముగ్ధుడయ్యాడు. మా ఊరివాళ్ళం ఈ మాట ఎక్కడో ఒకచోట ఇరికించకుండా ఉండలేం.)

మరో వయొలిన్ విద్వాంసుడు మిల్‌స్టైన్ 1970ల్లో వాయించింది టేపు మీద ఉంది. ఇక్కడ హై-రెజ్‌కు అర్థముంది. మంచి టేపు నుంచి కొత్తగా, జాగ్రత్తగా ఎక్కించిన ఫైలు పాత సీడీ కంటే బాగుండే అవకాశం ఎక్కువ. 1958 నుంచి 1965 దాకా వియన్నాలో కండక్టర్ సోల్టీ నిర్వహణలో డెక్కా కంపెనీ వాళ్ళు టేపుకెక్కించిన వాగ్నర్ 'రింగ్' ఒపెరాలను 2022లో అసలు టేపుల నుంచి 24 బిట్ 192లో మళ్ళీ తీశారు. ఇలాంటి వాటికి డబ్బు పెట్టొచ్చు.

1980ల డిజిటల్ రికార్డింగుల దగ్గరే మోసపోతాం. అప్పట్లో చాలావరకు 16 బిట్‌లోనే రికార్డు చేసేవారు. అసలులో లేనిదాన్ని ఎవరూ తర్వాత పుట్టించలేరు. పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ 1981లో వాయించిన బాఖ్ గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్ కథ ఇక్కడ పనికొస్తుంది. ఆ సెషన్లను డిజిటల్‌తో పాటు మామూలు టేపు మీద కూడా రికార్డు చేశారు. విడుదలైంది డిజిటల్. ఇరవయ్యేళ్ళ తర్వాత, 2002లో, పక్కన పడి ఉన్న ఆ టేపు నుంచి మళ్ళీ తయారు చేసి విడుదల చేశారు. కొత్తదనుకున్నది పాతబడింది, పాత టేపు పనికొచ్చింది.

ఇజబెల్ ఫౌస్ట్ వయొలిన్ మీద వాయించి 2010లో వచ్చిన ఆల్బం లాంటివి మరో తరం. ఈ కాలానికి స్టూడియోల్లో 24 బిట్‌లో రికార్డు చేయడం మామూలైపోయింది. ఇలాంటివాటికి హై-రెజ్ అంటే స్టూడియోలో ఉన్న ఫైలుకు దగ్గరగా ఉన్నదని అర్థం.

ఏ మాస్టరు (అమ్మే ప్రతులన్నిటికీ ఆధారమైన తుది ప్రతి)? జాజ్‌లో ఇది ఇంకా ముఖ్యం. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 1959లో చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' జగమెరిగిన ఆల్బం. మార్చి 2న జరిగిన సెషన్‌లో ఒక టేపు యంత్రం కొంచెం నెమ్మదిగా తిరిగింది. దాంతో మొదటి వైపున్న మూడు పాటలూ రికార్డు మీద కాస్త వేగంగా, శ్రుతి కాస్త పైకి వినిపించేవి. 1990ల్లో పక్క యంత్రంలోని టేపు ఆధారంగా సరిచేసేదాకా, ముప్ఫై ఏళ్ళకు పైగా లోకమంతా అదే శ్రుతిలో వింది. ఇప్పుడు చెప్పండి, శ్రుతి తప్పిన 192 కిలోహెర్ట్జ్ కావాలా, శ్రుతి సరైన మామూలు సీడీ కావాలా? కొనేముందు రీమాస్టరు ఏ ఏడాదిదో చూడండి.

మీ గది, మీ చెవి. 16 బిట్‌లో అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య 96 డెసిబెల్స్ ఎడం పడుతుంది. 24 బిట్‌లో కాగితం మీద 144. మా ముందుగదిలో ఫ్యాను మూడులో తిరుగుతుంటే దాని చప్పుడే నలభై అయిదు దాకా ఉంటుంది. ఇంట్లో హాయిగా వినగలిగే గరిష్ఠం తొంభై అయిదు అనుకున్నా చేతికి మిగిలేది యాభై. 16 బిట్‌కే అందులో సగం ఖాళీ. మే నెలలో ఫ్యాను ఆపి బాఖ్ వినేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకో దండం. కరెంటు పోయిన పది నిమిషాల్లోనే నేను కమాను తీగ మీద ఆనే చప్పుడు సరిగ్గా విన్నది.

చెవి మాటకొస్తే, 44.1 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు 22 కిలోహెర్ట్జ్ దాకా ధ్వనిని పట్టుకుంటుంది. మనిషి చెవి పసితనంలో 20 దాకా వింటుంది. యాభై దాటిన నాలాంటివాడికి 12, 13 దగ్గరే తలుపులు మూసుకుంటాయి. 2007లో అమెరికాలో మేయర్, మోరాన్ అనే ఇద్దరు హై-రెజ్ డిస్కులనూ, అదే ధ్వనిని 16 బిట్ 44.1 గుండా పంపినదాన్నీ కళ్ళకు గంతలు కట్టినట్టు వినిపిస్తే, మామూలు వాల్యూములో వినేవాళ్ళు తేడా పట్టలేకపోయారు. 2016లో లండన్‌లో జాషువా రీస్ అలాంటి 18 పరీక్షల ఫలితాలు కలిపి చూస్తే సరైన జవాబులు 52.3 శాతం. నాణెం ఎగరేస్తే 50. తేడా ఉందనే చెప్పాలి, కానీ ఎంతో చూశారుగా.

డేటా. గంట సంగీతానికి ఇంత (ఫ్లాక్ అంటే ధ్వనిలో ఏమీ పోకుండా కుదించిన ఫైలు; డీఎస్‌డీ అంటే ధ్వనిని ఒక్క బిట్‌తో, చాలా ఎక్కువ రేటులో దాచే పద్ధతి):

| రకం | గంటకు సుమారుగా |
|---|---|
| ఎంపీ3, 320 కేబీపీఎస్ | 145 ఎంబీ |
| సీడీ నాణ్యత ఫ్లాక్, 16 బిట్ 44.1 | 300–400 ఎంబీ |
| ఫ్లాక్, 24 బిట్ 96 | 1.1–1.4 జీబీ |
| ఫ్లాక్, 24 బిట్ 192 | 2–2.6 జీబీ |
| డీఎస్‌డీ 64 | 2.5 జీబీ |

రోజుకు ఒకటిన్నర జీబీ ప్లాను మీద ఉన్నవాడు 192లో మాలర్ సింఫనీ మొదలుపెడితే సగంలో ఆగిపోతుంది. ఇంట్లో ఫైబర్ ఉంటే ఈ పట్టిక వదిలేయండి.

ఫోను నుంచి చెవి దాకా. బ్లూటూత్‌లో వింటుంటే హై-రెజ్ మాట మరిచిపోవచ్చు. సోనీ వారి ఎల్‌డ్యాక్ పద్ధతి కూడా గరిష్ఠంగా 990 కేబీపీఎస్ దగ్గర కుదించే పంపుతుంది. 48 కిలోహెర్ట్జ్ దాటింది దాటినట్టు వినాలంటే ఐఫోనుకు బయట డ్యాక్ (డిజిటల్ ఫైలును ధ్వనిగా మార్చే చిన్న పరికరం) తగిలించాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు ఏ ఫైలు ఇచ్చినా 48కి మార్చేసి పంపుతాయి. దాన్ని దాటాలంటే యూఎస్‌బీ డ్యాక్‌తో పాటు ఫోను మార్పిడిని పక్కన పెట్టే ప్లేయర్ యాప్ కూడా కావాలి. వైరున్న హెడ్‌ఫోను లేకుండా 24 బిట్ ఫైళ్ళు కొనడం, ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వానలో తడవడం లాంటిది.

## ఇక ఒక్కొక్కటీ

### నెల చందా యాప్‌లు

మన దేశంలో ఇప్పుడు క్లాసికల్ వినేవాడికి తేలికైన దారి ఆపిల్ మ్యూజిక్. 2021 నుంచి అదనపు డబ్బు లేకుండా 24 బిట్ 192 దాకా ఇస్తోంది. సెట్టింగుల్లో లాస్‌లెస్ (ధ్వనిలో ఏమీ పోకుండా) అన్నది మనమే వేసుకోవాలి. వేసుకోకుండా ఏడాది విన్నవాళ్ళు నాకు తెలుసు.

నేను దాన్ని మెచ్చుకునేది మాత్రం 2023లో వచ్చిన క్లాసికల్ యాప్ కోసం. మామూలు యాప్‌లన్నీ సినిమా పాటల లెక్కలో కట్టినవి: పాట, గాయకుడు, ఆల్బం. బీతోవెన్ ఏడో సింఫనీ వెతకాలంటే అందులో గాయకుడెవరు? స్వరకర్తా, కండక్టరా, ఆర్కెస్ట్రానా? త్యాగరాజ కీర్తన ఒకటి వెతికితే వందమంది పాడినవి కలగాపులగంగా వచ్చిపడ్డట్టే ఉంటుంది. ఈ యాప్‌లో రచన పేరు కొడితే దాన్ని వాయించినవాళ్ళంతా ఒకచోట వరుసగా కనిపిస్తారు. షాకోన్‌ను ముగ్గురి చేతుల్లో పక్కపక్కన పెట్టి వినొచ్చు. ఆండ్రాయిడ్‌లోనూ ఉంది. జాజ్‌కు మాత్రం మళ్ళీ మామూలు యాప్‌లోకే వెళ్ళాలి.

స్పాటిఫై 2025లో లాస్‌లెస్ తెచ్చింది, 24 బిట్ 44.1 దాకా. ఏ ప్లానులో ఇస్తున్నారో చూసుకుని కట్టండి, అన్నిటిలో ఉండదు. ఒకటి నచ్చితే దానిలాంటి మరో పది చూపించడంలో దానికి చెయ్యి తిరిగింది కాబట్టి జాజ్‌కు బాగుంటుంది. క్లాసికల్ వెతకడం అందులో తలనొప్పి.

టైడల్, కోబజ్ గురించి విదేశీ పత్రికలు తెగ పొగుడుతాయి. పొగడ్త నిజమే. కోబజ్‌లో ఆల్బంతో పాటు పుస్తకం కూడా ఇస్తారు. కానీ రెండిటికీ మన దేశంలో అధికారికంగా సేవ లేదు. వీపీఎన్ పెట్టి, వేరే దేశం చిరునామా చూపించి తీసుకునేవాళ్ళున్నారు. ఏదో ఒక రోజు ఖాతా ఆగిపోతే అడిగే నాథుడుండడు. నేను వద్దంటాను.

చందాలన్నిటికీ ఒకటే లోపం. కట్టడం ఆపిన రోజు అల్మారా ఖాళీ.

### కంపెనీల దగ్గరే ఫైళ్ళు కొనడం

క్లాసికల్‌లో చిన్న కంపెనీలే మొనగాళ్ళు. లండన్‌లో హైపీరియన్ అని ఉంది. 1980లో టెడ్ పెర్రీ అనే ఆయన పెట్టాడు, ఖర్చుల కోసం రాత్రిళ్ళు టాక్సీ తోలాడు. 2023లో దాన్ని పెద్ద కంపెనీ యూనివర్సల్ కొనేసింది. చందోస్, నార్వేలోని 2ఎల్ కూడా ఆ కోవవే. ఇలాంటి వాటిలో కొన్ని తమ 24 బిట్ ఫైళ్ళు నేరుగా అమ్ముతాయి. నేటివ్ డీఎస్‌డీ అన్నది పేరులో ఉన్నట్టే డీఎస్‌డీ ఫైళ్ళు అమ్మే దుకాణం. ప్రెస్టో మ్యూజిక్ అనే దుకాణంలో చాలా కంపెనీలవి ఒకచోట దొరుకుతాయి.

ఇలాంటి చోట కొనడంలో అసలు లాభం పుస్తకం. ఎక్కడ రికార్డు చేశారు, ఏ వయొలిన్, ఏ ఏడాది అన్నీ ఉంటాయి. ఒకే చర్చిలో రికార్డైన నాలుగు ఆల్బంలు నచ్చాయంటే మీకు నచ్చింది ఆ హాలు ప్రతిధ్వని అన్నమాట. అక్కడి నుంచి వెతకడం తేలికవుతుంది.

ఇబ్బందులు చెప్పాలి. ఆల్బం ఒక్కటే వెయ్యి, రెండు వేలు అవుతుంది. మన కార్డులో విదేశీ చెల్లింపులు బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి ఆన్ చేసుకోవాలి, పైగా మారకం మీద బ్యాంకు కొంత వడ్డిస్తుంది. కొన్ని ఆల్బంలకు అంతా నింపాక చివర్లో మీ దేశానికి అమ్మకం లేదని వస్తుంది.

ఇంకొకటి నా సొంత అనుభవం. ఒక దుకాణంలో, పేరు వద్దులెండి, 24 బిట్ 96 అని రాసుంటే ఒక జాజ్ ఆల్బం కొన్నాను. ఎందుకో అనుమానం వచ్చి స్పెక్ అనే ఉచిత ప్రోగ్రాంలో తెరిచాను. అది ధ్వనిని బొమ్మగా చూపిస్తుంది. 22 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది, ఆ పైన అంతా నలుపు. సీడీ ఫైలును పెద్ద సంచిలో పోసి అమ్మారన్నమాట. డబ్బు వెనక్కి అడిగితే "డౌన్‌లోడ్ చేసేశారు కదా" అన్నారు. అప్పటి నుంచీ తెలియని చోట ముందు ఒక్క పాటే కొని బొమ్మ చూస్తాను.

### బ్యాండ్‌క్యాంప్

జాజ్ వాళ్ళకు దీన్ని విడిగా చెప్పాలి. వాయించేవాళ్ళే నేరుగా అమ్ముకునే సంత. వాళ్ళు 24 బిట్ ఎక్కిస్తే మనకూ 24 బిట్ ఫ్లాక్ వస్తుంది, లేకపోతే 16. కొనకుండానే వినొచ్చు, డబ్బులో ఎక్కువ భాగం వాయించినవాళ్ళకే చేరుతుంది. పాత మహామహుల ఆల్బంలు మాత్రం పెద్దగా ఉండవు, అవన్నీ పెద్ద కంపెనీల చేతిలో ఉన్నాయి. ఇప్పుడు బతికున్నవాళ్ళ జాజ్ వినాలంటే ఇక్కడికి రండి.

### డిస్కులు

ఎస్‌ఏసీడీలు (హై-రెజ్ పొర ఉన్న సీడీ లాంటి డిస్కులు) 1999లో సోనీ, ఫిలిప్స్ తెచ్చినవి. మామూలు కంప్యూటర్ డ్రైవు వాటి హై-రెజ్ పొరను చదవదు, ప్లేయర్లు అరుదు, తెప్పిస్తే కస్టమ్స్. ఇప్పటికే ప్లేయరున్నవాళ్ళు తప్ప ఇటు రావద్దు. సెకండ్ హ్యాండ్ సీడీలు వేరే సంగతి. విశాఖ వెళ్ళినప్పుడో ఆన్‌లైన్‌లోనో వందా రెండొందలకు మంచివి తగిలితే తీసుకుని ఫ్లాక్‌లోకి ఎక్కించుకోండి.

### ఉచితం

2ఎల్ వాళ్ళు ఒకే రికార్డింగును రకరకాల రేట్లలో పరీక్ష కోసం ఉచితంగా ఇస్తారు. దేనికీ పైసా కట్టకముందు అవి దించుకుని వినండి. 2012లో కిమికో ఇషిజాకా వాయించిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్‌ను హక్కులన్నీ వదిలేసి లోకానికి ఇచ్చేశారు. పంచుకున్నా తప్పు లేదు. యూట్యూబ్ హై-రెజ్ కాదు, శీర్షికలో ఏం రాసుకున్నా సరే. కానీ ఏముందో తెలుసుకోవడానికి దాన్ని మించింది లేదు.

## ఎవరికి ఏది

మొబైల్ డేటా మీదే బతికే విద్యార్థికి: స్టూడెంట్ ప్లాను చందా, సీడీ నాణ్యత లాస్‌లెస్ దగ్గర ఆపేయండి. రెండు ఆల్బంల డబ్బుతో ఓ మోస్తరు వైరు హెడ్‌ఫోను, చిన్న డాంగిల్ (ఫోనుకు తగిలించే డ్యాక్) వస్తాయి. వినికిడిలో తేడా అక్కడ తెలుస్తుంది, బిట్లలో కాదు.

వయొలిన్ నేర్చుకునేవాళ్ళకు, నేర్పేవాళ్ళకు: క్లాసికల్ యాప్‌తో పాటు ఏడాదికి మూడు నాలుగు ఆల్బంలు కొనండి. కమాను ఒత్తిడి, వేలు జారే చప్పుడు పదే పదే వెనక్కి తిప్పి వినాలంటే ఫైలు మన దగ్గరుండాలి. ఒక హెచ్చరిక: గమకం అలవాటైన చెవికి బాఖ్ మొదట్లో బోసిగా తోస్తుంది. పదిసార్లు విన్నాక ఒక్క వయొలిన్ మీదే రెండు మూడు గొంతులు మాట్లాడుకోవడం వినిపిస్తుంది.

ఫైబర్, మంచి స్పీకర్లు, తలుపు వేసుకునే గది ఉన్నవాళ్ళకు: 1950–70ల టేపు రికార్డింగులు 24 బిట్ 96లో కొనండి. 192 అక్కర్లేదు. రెండింతల చోటు తింటుంది, అంతే.

ఇప్పుడే జాజ్‌లోకి వస్తున్నవాళ్ళకు: ఏమీ కొనకండి. మన కచేరీకి వెళ్ళేముందు పక్క వాయిద్యం ఎవరని అడుగుతాం కదా, అదే పద్ధతి. ఒక ఆల్బం నచ్చితే డ్రమ్స్ ఎవరు, బేస్ ఎవరు అని చూసి ఆ పేర్లు పట్టుకు పొండి. నాలుగు పేర్లు పట్టుకునేసరికి ఏడాదికి సరిపడా సంగీతం దొరుకుతుంది. మొదటిది రూడీ వాన్ గెల్డర్ రికార్డు చేసినవాటిలో ఒకటైతే మంచిది. 1959లో సొంత స్టూడియో కట్టేదాకా ఆయన తల్లిదండ్రుల ముందుగదిలోనే రికార్డు చేసేవాడు.

మా మేనల్లుడికి ఇవన్నీ చెప్పకుండా ఒక పని పెట్టాను. జాజ్ పియానో విద్వాంసుడు బిల్ ఎవాన్స్ ముగ్గురు మనుషుల బృందంతో 1961 జూన్ 25న న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో వాయించింది 24 బిట్‌లో ఒక్క పాట కొనమన్నాను. గ్లాసులు తగిలే చప్పుడు, జనం గుసగుసలు కూడా వినిపించే రికార్డింగు అది. ఆ ఫైలునే 16 బిట్ 44.1కి మార్చుకుని, వాళ్ళ చెల్లి ఏది పెడుతోందో చెప్పకుండా పదిసార్లు వినిపించాలి. వాల్యూము ముట్టుకోకూడదు. ఒకే ఫైలు నుంచి తయారైంది కాబట్టి మాస్టరు తేడా అడ్డు రాదు.

పదింట్లో ఆరు సరిగ్గా చెప్పాడు. మిగతా నాలుగూ ఫ్యాను వల్ల పోయాయట. చందా కట్టి, మిగిలిన డబ్బుతో హెడ్‌ఫోను తీసుకున్నాడు. వారం తర్వాత మళ్ళీ ఫోను. "మావయ్యా, ఆ బేస్ వాయించినాయన ఇంకెక్కడ వాయించాడు?"

స్కాట్ లఫారో. ఆ రాత్రి తర్వాత పదకొండు రోజులకే కారు ప్రమాదంలో పోయాడు, ఇరవై అయిదేళ్ళకు. ఎక్కువ లేవురా అని చెప్పి, సాక్సోఫోన్ వాయించే ఆర్నెట్ కోల్‌మన్‌తో వాయించినవి పంపాను.